క్లచ్, గేర్లు, బండి యజమాని

కృష్ణా, తుంగభద్రా నదుల నడుమ ఉన్న సీమను నడిగడ్డ అంటారు. జోగులాంబ గద్వాల జిల్లాలోని మానవపాడు ఈ నడిగడ్డ ఊళ్ళలో ఒకటి. 1956 కు ముందు ఈ ప్రాంతము హైదరాబాదు రాష్ట్రములోని రాయచూరు జిల్లాలో ఉండేది. ఊరికి రైలు స్టేషను ఉన్నది. హైదరాబాదు నుండి కర్నూలు మీదుగా బెంగుళూరు పోయే 44 వ జాతీయ రహదారి కూడ దగ్గరలోనే పోతుంది. నేలలో చాలా భాగము నల్లరేగడి. ప్రత్తి, మిరప ఇక్కడి ముఖ్యమైన పైరులు. పంట చేతికి వచ్చే రోజులలో చేల నుండి ఇంటికి, ఇంటి నుండి కర్నూలు, గద్వాల, రాయచూరు మార్కెట్లకు మూటలు మోయవలసి వస్తుంది. ఒకప్పుడు ఎడ్లబండి చేసిన ఈ పనిని ఇప్పుడు చాలా వరకు చిన్న లారీ చేస్తున్నది. దానినే అందరూ పికప్ అంటున్నారు.

ఈ పికప్ బండ్లు దాదాపు అన్నీ చేతితో గేర్లు మార్చేవే. కుడికాలు ఆక్సిలరేటరు మీద, ఎడమకాలు క్లచ్ పెడలు మీద, ఎడమచేయి గేరురాడ్డు మీద పెట్టుకొని నడపాలి. వాన కురిసిన మరునాడు రేగడి బాటలో బండి దిగబడితే డ్రైవరు ఏమి చేస్తాడు? మొదటి గేరు వేసి, ఇంజను వేగము పెంచి, క్లచ్‌ను సగము వదిలి సగము పట్టి, ముందుకూ వెనుకకూ ఊపుతాడు. కొంతసేపటికి కాలిన వాసన వస్తుంది. బండి ఒడ్డు ఎక్కినా ఎక్కకపోయినా, ఆ వాసనతో క్లచ్ పలక ఆయుస్సు కొంత పోయినట్లే.

ఆ తరువాత జరిగే సంభాషణ ఏ వర్క్‌షాపులోనైనా ఒకటే. క్లచ్ ప్లేట్లు మార్చాలని మెకానిక్కు అంటాడు. కొని ఏడాది కాలేదు, గ్యారంటీ కింద మార్చండి అని యజమాని అంటాడు. క్లచ్ అరిగిపోయే వస్తువు, దానికి గ్యారంటీ వర్తించదు, మీ డ్రైవరు క్లచ్ మీద కాలు పెట్టి నడిపినాడు అని కంపెనీ మనిషి అంటాడు. తప్పు బండిదా, కాలిదా? ఈ తగవు నిన్న మొన్నటిది కాదు. మోటారు బండికి ఎంత వయసున్నదో దీనికీ ఇంచుమించు అంతే వయసున్నది.

తగవు అర్థము కావాలంటే మొదట క్లచ్ ఎందుకు అవసరమో తెలుసుకోవాలి. ఆవిరి యంత్రము నిలబడి ఉన్న స్థితి నుండే బలముగా తోయగలదు. ఎద్దు కూడ అంతే. పెట్రోలు ఇంజను గాని డీజిలు ఇంజను గాని అట్లా చేయలేదు. అది నిమిషానికి కొన్ని వందల చుట్లు తిరుగుతూ ఉంటేనే బ్రతికి ఉంటుంది. చక్రములేమో నిలబడి ఉన్నవి. తిరుగుతున్న దానిని నిలబడి ఉన్న దానికి ఒక్కసారిగా తగిలిస్తే ఇంజను ఆగిపోతుంది, లేదా ఏదో ఒకటి విరిగిపోతుంది. అందుచేత రెంటి మధ్య జారుతూ జారుతూ పట్టుకొనే సాధనము ఒకటి కావాలి. సానపట్టేవాడు తిరుగుతున్న సానరాతికి కత్తిని మెల్లగా ఆనించడము చూసే ఉంటారు. మెల్లగా ఆనిస్తే రాయి తిరుగుతూనే ఉంటుంది, గట్టిగా అదిమితే నెమ్మదిస్తుంది. అక్కడ పుట్టే నిప్పురవ్వలు ఘర్షణ వలన కలిగిన వేడికి సాక్ష్యము. క్లచ్‌లో జరిగేది ఇదే. ఇంజనుతో తిరిగే ఫ్లైవీలుకు, స్ప్రింగు బలముతో అదిమే ప్రెషర్ పలకకు మధ్య ఘర్షణ పదార్థము అంటించిన పలక ఒకటి ఇరికి ఉంటుంది. పెడలు తొక్కితే స్ప్రింగు పట్టు సడలి పలక విడిపోతుంది. పెడలు వదిలితే పలక నొక్కుకొని ఇంజనుతో పాటు తిరుగుతుంది.

గేర్ల అవసరము వేరు. ఇంజను తిప్పుడు బలము పరిమితమైనది. బరువుతో కదలడానికి, గట్టు ఎక్కడానికి బలము ఎక్కువ కావాలి, వేగము తక్కువైనా ఫరవాలేదు. చదును రోడ్డు మీద వేగము కావాలి, బలము తక్కువైనా సరిపోతుంది. పళ్ళచక్రముల జతలు మార్చి బలమును వేగముగా, వేగమును బలముగా మార్చుకొంటాము. గేరుపెట్టె చేసే పని ఈ మార్పిడి మాత్రమే. అది కొత్త శక్తిని పుట్టించదు.

గేర్ల మీద మొట్టమొదటి ఫిర్యాదు ఎవరిది అని అడిగితే చరిత్ర ఒక స్త్రీ పేరు చెబుతుంది. 1886 లో జర్మనీ దేశస్థుడు కార్ల్ బెంజ్ తన మూడు చక్రముల మోటారు బండికి పేటెంటు పొందినాడు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, భర్తకు ముందుగా చెప్పకుండా, మన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి ఆ బండిలో ప్రయాణము చేసినది. దూరము 100 కిలోమీటర్లకు పైచిలుకు. ఆ బండిలో ఇప్పటివంటి క్లచ్ లేదు. తోలుపట్టీని ఒక కప్పీ మీద నుండి మరొక కప్పీ మీదికి జరిపి ఇంజనును చక్రములకు తగిలించేవారు, విడదీసేవారు. కొండ ఎక్కవలసిన చోట బండికి బలము చాలలేదు. పిల్లలు దిగి తోయవలసి వచ్చినది. దిగుడు దారిలో బ్రేకు చెక్కలు అరిగిపోతే దారిలో ఒక చెప్పులు కుట్టేవానిచేత వాటికి తోలు అంటింప జేసినది. ఇంటికి తిరిగి వచ్చి ఆమె చెప్పిన ముఖ్యమైన మాట, కొండలు ఎక్కడానికి మరొక గేరు కావాలని. బెంజ్ ఆ మాట విన్నాడు. బండి నడిపినవారి అభిప్రాయము యంత్రమును మార్చడము అక్కడ మొదలైనది. భార్య మాట కాబట్టి విన్నాడని ఎవరైనా నవ్వవచ్చు గాని, 100 కిలోమీటర్లు నడిపి చూసినవారు అప్పటికి లోకములో ఆమె తప్ప మరొకరు లేరన్నది కూడ మరువరాదు.

ఇప్పటి బండి అమరికకు పునాది వేసినవాడు ఫ్రాన్సు దేశస్థుడు ఎమిల్ లెవాసోర్. 1891 లో ఆయన పానార్ లెవాసోర్ బండిలో ఇంజనును ముందు పెట్టి, దాని వెనుక క్లచ్, దాని వెనుక జారే పళ్ళచక్రముల గేరుపెట్టె అమర్చి, వెనుక చక్రములను తిప్పించినాడు. నడిగడ్డలో తిరిగే పికప్ అమరిక నేటికీ అదే. 1895 లో పారిస్ నుండి బోర్డోకు పోయి మరల పారిస్ చేరే 1,178 కిలోమీటర్ల పందెములో లెవాసోర్ తన బండిని 48 గంటలకు పైగా దాదాపు ఒక్కడే నడిపినాడు. గేర్లు మార్చే ఆ పద్ధతి మొరటుదని ఆయనే ఒప్పుకొన్నట్లు చెబుతారు. తిరుగుతున్న పళ్ళచక్రమును ప్రక్కకు జరిపి మరొక తిరుగుతున్న చక్రము పళ్ళలో దూర్చడము మొరటు పని గాక మరేమిటి?

ఆ కాలపు క్లచ్ గరాటు ఆకారములో ఉండేది. లోపలి గరాటు మీద తోలు తొడిగేవారు. తోలు ఎండిపోతే గబుక్కున పట్టుకొని బండి ఎగిరిపడేది. అందుకని దానికి ఆముదము వంటి నూనెలు పట్టించేవారు. నూనె ఎక్కువైతే జారిపోయేది. అప్పుడు జిడ్డును పీల్చే మట్టిపొడి చల్లేవారు. పాలమూరు జిల్లావారికి ఆముదము సంగతి కొత్తగా చెప్పనక్కర లేదు గాని, మోటారు బండి చరిత్రలో దానికి ఇంతటి పాత్ర ఉన్నదని చాలామందికి తెలియదు. ఎంత ఆముదము పోయాలో, ఎప్పుడు పోయాలో తెలిసినవాడే మంచి డ్రైవరు. బండి సరిగా కదలకపోతే తప్పు ఎవరిది? తోలుదా, తోలును సాకలేని మనిషిదా? తగవు అప్పటికే ఉన్నదన్న మాట.

తోలు స్థానమును క్రమముగా ఇతర పదార్థములు ఆక్రమించినవి. 1897 లో ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన ఫెరోడో సంస్థను స్థాపించి బండ్ల బ్రేకులకు తగిన ఘర్షణ పదార్థములు తయారు చేయడము ప్రారంభించినాడు. తరువాత రాతినార వచ్చినది. అది వేడికి మాడదు, పట్టు వదలదు, చవక. అర్ధశతాబ్దానికి పైగా లోకములోని బ్రేకులు, క్లచ్‌లు దాని మీదనే నడిచినవి. కాని రాతినార ధూళి ఊపిరితిత్తులలో చేరితే కాన్సరు కలిగిస్తుందని తేలినందువలన అనేక దేశములు దానిని నిషేధించినవి. గాజు పోగులు, కృత్రిమ నారలు, లోహపు పొడి, రెసిన్లతో చేసిన పలకలు దాని స్థానములో వచ్చినవి. పాత బండి క్లచ్ విప్పినప్పుడు లోపలి దుమ్మును నోటితో గాని గాలి గొట్టముతో గాని ఊదరాదనే నియమము ఇందువలననే పుట్టినది. పల్లెటూరి వర్క్‌షాపులలో ఈ నియమమును పాటించేవారు తక్కువ.

పికప్ బండి పుట్టుక అమెరికాలో. 1908 నుండి 1927 వరకు ఫోర్డ్ సంస్థ తయారు చేసిన మాడల్ టి బండ్లను అక్కడి రైతులు వెనుక భాగము కోసి చెక్క పెట్టెలు బిగించుకొని సామాను మోయించేవారు. యజమానులు చేసుకొంటున్న పనిని చూచి ఫోర్డ్ సంస్థ 1925 లో ఫ్యాక్టరీలోనే పెట్టె అమర్చిన బండిని 281 డాలర్లకు అమ్మినది. విచిత్రమేమిటంటే మాడల్ టి లో గేరురాడ్డు లేదు. సూర్యుని చుట్టూ గ్రహముల వలె ఒక చక్రము చుట్టూ చిన్న చక్రములు తిరిగే గేర్లు, వాటిని పట్టి ఆపే పట్టీలు, వాటికి పెడళ్ళు ఉండేవి. ముందుకు పోవడానికి రెండే గేర్లు. పళ్ళు గరగరలాడే బాధ లేదు. నేర్చుకొన్నవారికి అది ఎంతో సులువు. 1927 చివర వచ్చిన మాడల్ ఎ లో ఫోర్డ్ కూడ జారే గేర్లకు మారినాడు. తరువాతి కాలపు ఆటోమాటిక్ గేరుపెట్టెలలో మరల ఆ గ్రహచక్రములే ప్రత్యక్షమైనవి.

జారే గేర్లతో డ్రైవరు పడే కష్టము ఎటువంటిదో ఒక లెక్కతో చూద్దాము. ఒక బండిలో మూడవ గేరు నిష్పత్తి 1.5, రెండవ గేరు నిష్పత్తి 2.5 అనుకొందాము. గేరుపెట్టె నుండి బయటికి పోయే ఇరుసు నిమిషానికి 1,200 చుట్లు తిరుగుతున్నది. మూడవ గేరులో ఉన్నంతసేపు ఇంజను వైపు ఇరుసు 1,200 × 1.5, అనగా 1,800 చుట్లు తిరుగుతుంది. గట్టు వచ్చినది, రెండవ గేరుకు దిగాలి. బండి వేగము ఒక్క క్షణములో మారదు. కనుక బయటి ఇరుసు వేగము 1,200 గానే ఉంటుంది. రెండవ గేరు పళ్ళు కలవాలంటే ఇంజను వైపు ఇరుసు 1,200 × 2.5, అనగా 3,000 చుట్లు తిరగాలి. ఉన్నది 1,800. అందుకని డ్రైవరు క్లచ్ తొక్కి గేరును మధ్యకు తెచ్చి, క్లచ్ వదిలి, ఆక్సిలరేటరు నొక్కి ఇరుసు వేగమును 3,000 దాకా పెంచి, మరల క్లచ్ తొక్కి రెండవ గేరులోకి దింపాలి. ఇది రెండు క్లచ్‌ల పద్ధతి. లెక్కలు రాని డ్రైవరు ఈ గుణకారమును చెవితో చేసేవాడు.

హైదరాబాదు సంస్థానములో ఈ విద్య మీదనే బస్సులు నడిచినవి. 1932 జూనులో నిజాం స్టేట్ రైల్వేలో భాగముగా రోడ్డు రవాణా శాఖ ఏర్పడినది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. స్కాట్లండులోని ఆల్బియన్ కంపెనీ బస్సులు తెప్పించినారు. వాటి నంబర్లలో ఉండే జెడ్ అక్షరము నిజాము తల్లి జహ్రా బేగం పేరును సూచిస్తుందని చెబుతారు. ఆనాటి ఒక బస్సును హైదరాబాదులో ప్రదర్శనకు పెట్టినారు కూడ. ఆ రోజులలో బరువు బండ్లలో గేర్లను వాటంతటవే సరిపెట్టే ఏర్పాటు లేదు. డ్రైవరు పొరబడితే బస్సులో ఉన్నవారందరికీ తెలిసేటట్లు గేరుపెట్టె అరిచేది. యంత్రము లోపమును మనిషి నేర్పుతో కప్పిపుచ్చిన కాలము అది. క్లచ్ పోతే డ్రైవరుదే తప్పు అనే నమ్మకము బలపడినది కూడ ఈ కాలములోనే. నిజమునకు కఠినమైన యంత్రమును ఇచ్చి, దానిని మెప్పించలేకపోయినందుకు మనిషిని నిందించడము అంత న్యాయమైన పని కాదు.

ఈ కష్టమును తొలగించినవాడు అమెరికా ఇంజనీరు ఎర్ల్ థామ్సన్. ఆయన రూపొందించిన సింక్రోమెష్ గేరుపెట్టెను 1928 లో జనరల్ మోటార్స్ సంస్థ కాడిలాక్ కార్లలో ప్రవేశపెట్టినది. దానిలో పళ్ళు కలవకముందే ఒక చిన్న గరాటు కంకణము తిరుగుతున్న గేరును రాసుకొని దాని వేగమును సమము చేస్తుంది. వేగములు సమమైన తరువాతనే పళ్ళు కలుస్తాయి. గమనించండి, అది కూడ ఒక చిన్న క్లచ్చే. డ్రైవరు చెవితో చేసిన గుణకారమును ఇత్తడి కంకణము చేయడము మొదలుపెట్టినది. ఆ థామ్సనే తరువాత హైడ్రామాటిక్ అనే ఆటోమాటిక్ గేరుపెట్టెను తయారు చేసిన బృందమునకు నాయకుడు. అది 1939 లో 1940 నమూనా ఓల్డ్స్‌మొబైల్ కార్ల కోసము ప్రకటించబడినది. ఎడమకాలికి పని తప్పిపోయినది.

మన వైపు లారీల కథ వేరుగా నడిచినది. 1954 లో జంషెడ్‌పూరులో టాటావారు జర్మనీ డైమ్లర్ బెంజ్ సహకారముతో లారీలు తయారు చేయసాగినారు. తెలుగువారి స్వంత ప్రయత్నము జహీరాబాదులో జరిగినది. 1942 లో పుట్టి బస్సు బాడీలకు, తరువాత ఇంటి ఫ్రిజ్‌లకు పేరు పొందిన హైదరాబాదు ఆల్విన్ సంస్థ, జపాను నిస్సాన్‌తో కలిసి 1980 ల నడుమ అక్కడ క్యాబ్‌స్టార్ అనే తేలిక లారీని తయారు చేసినది. అదే కాలములో టొయోటా, మజ్దా, మిత్సుబిషీలు కూడ దేశములోని వేరు వేరు సంస్థలతో కలిసి తేలిక లారీలు తెచ్చినవి. 1986 లో టాటా 407 వచ్చినది. జపాను బండ్లతో పోటీ పడి నిలిచినది అదే. ఆల్విన్ నిస్సాన్ ఎక్కువకాలము నిలువలేదు. ఆ దశాబ్దము ముగిసే వేళకు అది మహీంద్రావారి చేతికి పోయినది. 2005 లో వచ్చిన టాటా ఏస్ పల్లెల వరకు చొచ్చుకొనిపోయినది. రెండు సిలిండర్లు, 16 అశ్వశక్తి గల చిన్న డీజిలు ఇంజను దానిది. దాని తరువాత, దానికంటె పెద్దవైన బొలెరో వంటి పికప్‌లు మండల కేంద్రములన్నిటిలో కిరాయికి నిలబడినవి. లారీ డ్రైవరు వద్ద క్లీనరుగా పనిచేసి నేర్చుకొనే కాలము పోయి, ట్రాక్టరు నడిపినవాడు నేరుగా పికప్ ఎక్కే కాలము వచ్చినది.

ఇక కాలిన వాసన సంగతికి వద్దాము. ఇది ఉన్నత పాఠశాల విద్యార్థులు స్వయముగా వేసి చూడదగిన లెక్క. బరువుతో సహా 3,000 కిలోగ్రాములున్న పికప్ చదును రోడ్డు మీద నిలుచున్న చోటు నుండి గంటకు 10 కిలోమీటర్ల వేగము అందుకొన్నది. అది సెకనుకు ఇంచుమించు 2.8 మీటర్లు. బండికి వచ్చిన గతిజశక్తి సుమారు 11,600 జౌళ్ళు. ఇంజను స్థిర వేగముతో తిరుగుతున్నంతసేపు, క్లచ్ జారుడులో వేడిగా పోయే శక్తి కూడ ఇంచుమించు అంతే ఉంటుంది. ఫ్లైవీలు, ప్రెషర్ పలక కలిసి 10 కిలోగ్రాముల ఇనుము అనుకొంటే, కిలోగ్రాము ఇనుమును ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు 500 జౌళ్ళు కావాలి. అంటే ఒక మారు బండి కదిపితే వేడి రెండు మూడు డిగ్రీలు పెరుగుతుంది. ఇది లెక్కలోనిది కాదు, గాలి తగిలి వెంటనే చల్లారుతుంది.

ఇప్పుడు రేగడి బురదలో చిక్కిన బండిని తీసుకొందాము. చక్రములు కదలడము లేదు. ఇంజను నిమిషానికి 1,500 చుట్లు, అనగా సెకనుకు 25 చుట్లు తిరుగుతున్నది. సగము పట్టిన క్లచ్ 150 న్యూటన్ మీటర్ల బలముతో జారుతున్నది. సెకనుకు వేడిగా మారే శక్తి 2 × 3.14 × 25 × 150, అనగా సుమారు 23,500 వాట్లు. 1,000 వాట్ల ఇస్త్రీపెట్టెలు 23 ఒక్కసారిగా ఆ చిన్న గుల్లలో పెట్టినట్లు. పది సెకన్లలో ఇనుము వేడి 47 డిగ్రీలు పెరుగుతుంది. ఒక నిమిషము అట్లాగే ఉంచితే 280 డిగ్రీలు దాటుతుంది. పలకలోని రెసిను మాడడము మొదలవుతుంది. ముక్కుకు తగిలే వాసన అదే. ఇనుము ఉపరితలము 300 డిగ్రీల ప్రాంతములో నీలిరంగు తిరుగుతుంది. క్లచ్ విప్పినప్పుడు ఫ్లైవీలు మీద కనిపించే నీలి మచ్చలు ఆ వేడి వదిలిన వేలిముద్రలు.

కంపెనీ మనుషులు ఆ నీలి మచ్చలను చూపి డ్రైవరుదే తప్పు అంటారు. అవి చెప్పేది ఒకటే. క్లచ్ జారినది, వేడెక్కినది. ఎందుకు జారినదో అవి చెప్పవు. డ్రైవరు కాలు తీయకపోవడము వలన జారి ఉండవచ్చు. బరువు మితి మీరి ఉండవచ్చు. స్ప్రింగు బలహీనమైనదై ఉండవచ్చు. ఇంజను వెనుక సీలు కారి పలక మీద నూనె పడి ఉండవచ్చు. పెడలు వదిలినా రిలీజ్ బేరింగు పూర్తిగా వెనుకకు రాకపోయి ఉండవచ్చు. వీటిలో మొదటి రెండు వాడినవారి తప్పులు, తక్కినవి తయారీలోవో మరమ్మతులోవో కావచ్చు. మంచి మెకానిక్కు నూనె మరకను, అరుగుదల ఒక ప్రక్కనే ఉండడమును, స్ప్రింగు వేళ్ళ మీది గీతలను చూచి కొంత వరకు చెప్పగలడు. కాని కాలిన క్లచ్ ఒక్కటే ఉన్నప్పుడు దోషి ఎవరో నిశ్చయముగా చెప్పడము చాలామారులు సాధ్యము కాదు. ఒకే నెలలో తయారైన వంద బండ్లలో, వంద మంది వేరు వేరు డ్రైవర్ల చేతిలో, ఒకే భాగము ఒకే తీరుగా విరిగితే మాత్రము సంగతి వేరు. వందమంది ఎడమకాళ్ళు ఒకే తప్పు చేయవు.

ఈ తర్కము మీదనే బండ్లను వెనుకకు పిలిచే చట్టములు నిలిచినవి. దీనిని వాడుకలో రీకాల్ అంటున్నారు. అమెరికాలో 1965 లో రాల్ఫ్ నేడర్ అనే యువ న్యాయవాది కార్ల తయారీదారుల అశ్రద్ధను ఎండగడుతూ వ్రాసిన గ్రంథము కలకలము రేపినది. మరుసటి సంవత్సరమే అక్కడ మోటారు వాహన భద్రతా చట్టము వచ్చినది. ప్రమాదకరమైన లోపమును కనిపెట్టిన తయారీదారుడు యజమానులకు తెలియజేయాలని అది శాసించినది. ఆ లోపమును ఉచితముగా సవరించి తీరాలనే నిబంధన 1974 సవరణతో చేరినది.

ఇక్కడ ఒక సూక్ష్మ భేదము ఉన్నది. యజమానులు దీనిని తరచుగా మరచిపోతారు. క్లచ్ పలక త్వరగా అరిగిపోవడము గ్యారంటీకి సంబంధించిన విషయము, డబ్బు విషయము. రీకాల్ ప్రాణాపాయమునకు సంబంధించినది. అరిగిన పలక వలన బండి కదలదు, అంతే. కాని ప్రెషర్ పలకే పగిలితే? నిమిషానికి కొన్ని వేల చుట్లు తిరిగే ఇనుప పలక పగిలితే ముక్కలు తుపాకి గుండ్ల వలె పోతాయి.

సరిగా ఇదే అమెరికాలో జీప్ బండ్ల విషయములో జరిగినది. చేతి గేర్లున్న జీప్ రాంగ్లరు, జీప్ గ్లాడియేటరు బండ్లలో క్లచ్ మితిమీరి వేడెక్కి ప్రెషర్ పలక పగలవచ్చునని, ముక్కలు గేరుపెట్టె గుల్లను చీల్చి బయట పడి మంటలు రేగవచ్చునని తేలినది. గ్లాడియేటరు పికప్ తరగతికి చెందినది. 2020 నుండి 2023 లోపల ఈ కారణము మీదనే ఒకటి కంటె ఎక్కువ మారులు వాటిని వెనుకకు పిలిచినారు. 2023 నాటి పిలుపులో సుమారు 69,000 బండ్లు ఉన్నవి. సవరణ ఏమిటి? క్లచ్ వేడి ప్రమాద స్థాయికి చేరుతున్నదని తోచినప్పుడు ఇంజను బలమును కంప్యూటరు తనంతట తానే తగ్గించేటట్లు చేసినారు. బురదలోను, బండలమీద ఎక్కేటప్పుడు బలము కావలసి వచ్చిన క్షణముననే బలము తగ్గిపోతే చేతి గేర్ల బండి కొనడము ఎందుకని అడిగిన యజమానులు ఉన్నారు. బండి కాలిపోవడము కంటె నయమే కదా అన్నవారూ ఉన్నారు. రెండు మాటలలోను నిజమున్నది. పై లెక్క వేసి చూచినవారికి కంప్యూటరు ఎందుకు అడ్డుపడిందో తెలుస్తుంది. అయితే పలకను మరింత బలమైనదిగా చేయక ఇంజను గొంతు నొక్కడము పాక్షికమైన చికిత్స అన్న విమర్శను త్రోసిపుచ్చలేము. 2025 నమూనాలో గ్లాడియేటరుకు చేతి గేర్లే లేకుండా పోయినవి. అక్కడ చేతి గేర్లు మిగిలిన కొత్త పికప్ టొయోటా టకోమా ఒక్కటే.

మన దేశములో రీకాల్ చాలాకాలము తయారీదారుల ఇష్టము మీద ఆధారపడినది. 2012 లో వాహన తయారీదారుల సంఘము స్వచ్ఛందముగా ఒక నియమావళి ఏర్పరచుకొన్నది. 2019 లో మోటారు వాహనముల చట్టమునకు చేసిన సవరణలో 110 ఎ అనే సెక్షను చేరినది. దానిని అమలు పరచే నియమములు 2021 ఏప్రిల్ 1 నుండి వర్తించినవి. ఒక రకము బండ్లలోని లోపము వలన పర్యావరణమునకు గాని, బండిలోని వారికి గాని, రోడ్డుమీది ఇతరులకు గాని హాని కలగవచ్చునని నిర్ణీతమైన శాతములో యజమానులు ఫిర్యాదు చేస్తే, ప్రభుత్వము ఆ బండ్లను వెనుకకు పిలిపించవచ్చును. ఏడు సంవత్సరములు నిండని బండ్లకే ఇది వర్తిస్తుంది. జరిమానా కోటి రూపాయల వరకు ఉండవచ్చును. యజమాని అభిప్రాయమునకు మొదటిసారిగా చట్టములో తూకము ఏర్పడినది. ఒక్కొక్కరి గొణుగుడుకు విలువ లేదు, లెక్కకు ఎక్కిన ఫిర్యాదుకు ఉన్నది.

ఆ నియమములు అమలులోకి వచ్చిన సంవత్సరమే మహీంద్రా సంస్థ తన పికప్ బండ్లు 29,878 ని వెనుకకు పిలిచినది. 2020 జనవరి, 2021 ఫిబ్రవరి నడుమ తయారైన ఆ బండ్లలో ద్రవము పోయే ఒక గొట్టము సరిగా బిగించలేదని అనుమానము. 2022 డిసెంబరులో ఆ సంస్థయే చేతి గేర్లున్న ఎక్స్‌యువి 700, స్కార్పియో ఎన్ బండ్లు 19 వేలకు పైగా పరీక్షకు రప్పించినది. క్లచ్ ఉండే గుల్లలోని ఒక రబ్బరు తొడుగు కొలతలలో తేడా రావడము కారణము; భాగములు సరఫరా చేసిన ఫ్యాక్టరీలో ఏరివేతలో పొరపాటు జరిగినది. ఆ ఏడాది జూలై ఒకటి నుండి నవంబరు 11 వరకు తయారైన బండ్లకే ఇది పరిమితము. తయారైన తేదీలు ఇంత ఖచ్చితముగా ఉండడము గమనించండి. లోపము డ్రైవరుదైతే దానికి మొదటి తేదీ, చివరి తేదీ ఉండవు.

పికప్ యజమానులలో ఎక్కువమంది చేతి గేర్లనే కోరుతున్నారు. చేతి గేర్ల బండి ధర తక్కువ, ఏ ఊరి మెకానిక్కైనా విప్పగలడు, బ్యాటరీ చచ్చినా నలుగురు తోస్తే లేస్తుంది, దిగుడులో కింది గేరు వేస్తే ఇంజనే బ్రేకుగా పనిచేస్తుంది. ఆటోమాటిక్‌లోనూ చివరిది ఉన్నది గాని, మొదటి మూడూ పల్లెటూరివానికి తక్కువ విషయములు కావు. డీజిలు మిగులుతుందని దిగుడు దారిలో గేరు తీసివేసి బండిని జారవిడిచేవారు ఈ లాభమును తమ చేతితో తామే పోగొట్టుకొంటున్నారు. ఈ కాలపు డీజిలు ఇంజను గేరులో ఉండగా ఆక్సిలరేటరు వదిలితే ఇంధనమును పూర్తిగా ఆపుకొంటుంది. గేరు తీసివేస్తే మాత్రము తాను తిరగడానికి కొంత తాగుతూనే ఉంటుంది. అపాయమూ పెరిగినది, ఆదా కూడ లేదు.

2022 మే నెలలో టాటా సంస్థ ఏస్ బండికి విద్యుత్తుతో నడిచే రూపమును ప్రదర్శించినది. విద్యుత్ మోటారు నిలబడి ఉన్న స్థితి నుండే పూర్తి బలముతో తిప్పగలదు. ఎద్దు వలె, ఆవిరి యంత్రము వలె. ఆగి ఉన్నంత మాత్రమున అది చచ్చిపోదు కాబట్టి దానికి జారుతూ పట్టుకొనే సాధనముతో పని లేదు. ఒకే నిష్పత్తి గల పళ్ళచక్రములతో గట్టూ ఎక్కుతుంది, రోడ్డు మీదా పోతుంది. ఆ బండిలో ఎడమకాలి కింద పెడలు లేదు.